సుద్దగీత లోపలి ఇంజన్

కిందటి వారం పచ్చకారు తాళం కెప్టెనమ్మ అరచేతిలో పడటం దగ్గర ఆగాం. అక్కడిదాకా వచ్చిన దారి కొత్తగా చేరినవాళ్ళకి క్లుప్తంగా చెప్పాలి. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, పైకప్పు లేని ఆ స్పోర్ట్స్ కారుని కెప్టెనమ్మ విమానాలు నడిపే వయసులో కొనుక్కుంది. అప్పటినుంచీ దాన్ని చూసుకుంటున్నది ఒకే షెడ్డు, ఒకే మేస్త్రి. ఈసారి అది పొగ కక్కుతూ, ఇంజనాయిల్ తాగుతూ వచ్చినప్పుడు మేస్త్రి తను చెయ్యి పెట్టలేదు. తన ఇంట్లోనే పెరిగి, తన పక్కనే నిలబడి పని నేర్చుకున్న మేనకోడలికి అప్పగించాడు. వీధిలో ఆమెని అందరూ పిల్లమేస్త్రి అంటారు. అప్పగిస్తూ ఆయన పెట్టిన షరతు ఒక్కటే: కంపెనీ చేసింది చేసినట్టే ఉండాలి, దేన్నీ మార్చకూడదు.

పిల్లమేస్త్రి మాటిచ్చింది. నిలబెట్టుకోలేదు. ఆ సంగతి ఆమెకీ, కెప్టెనమ్మకీ, ఇనుము సానపట్టే లేత్ షాపు నడిపే లేత్ బాబాయికీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆదివారం పాతకార్ల కొండపరుగు ఉంది. కొండ మొదలునుంచి పైదాకా ఎక్కడా ఆగకుండా ఎక్కాలి. ఈ ఉదయం పరీక్షలో ఇంజన్ నెగ్గకపోతే కెప్టెనమ్మ అన్నకొడుకు పంపిన లారీ వచ్చి కారుని పెద్ద గ్యారేజీకి ఎత్తుకుపోతుంది. వాళ్ళు పాత ఇంజన్ పీకి పక్కన పడేసి, బటన్ నొక్కితే స్టార్టయ్యే కొత్త ఇంజన్ దించుతారు. పిల్లమేస్త్రి మొట్టమొదటిసారి ఒంటిచేత్తో కట్టిన ఇంజన్ పాతసామాన్ల కొట్టుకి పోతుంది.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఏ ఇంజన్ విప్పినా ముందు దాని చుట్టూ నేల మీద సుద్దతో గీత గీస్తారు. విప్పినవాళ్ళే బిగించాలి. యజమాని నోరారా ‘బాగుంది’ అనేదాకా ఆ గీత లోపలికి ఇంకొకరి పానా రాకూడదు. గీత బయట నిలబడి సలహాలు ఎన్నైనా చెప్పొచ్చు, చెయ్యి మాత్రం దాటకూడదు. ఒకప్పుడు ఇద్దరు పనివాళ్ళు ఒకే ఇంజన్ మీద పనిచేసి, ఫలానా బోల్టు నువ్వు బిగించావనుకున్నా అంటే నువ్వు బిగించావనుకున్నా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్న రోజున మేస్త్రి ఈ పద్ధతి పెట్టాడు. ఆ బోల్టు ఏ దారిలో రాలిపోయిందో ఈనాటికీ తెలియదు.

పచ్చకారు ముందుభాగం చుట్టూ గీత ఆయనే గీశాడు. గీసి సుద్దముక్క మేనకోడలి చేతికిచ్చి గుర్తు పెట్టమన్నాడు. ఆమె చిన్న ఆకు బొమ్మ వేసింది. దాన్ని ఎవరూ తొక్కకుండా మేస్త్రి భార్య, పిల్లమేస్త్రికి అత్తయ్య, కొన్నాళ్ళు అక్కడ ఖాళీ డబ్బా ఒకటి అడ్డం పెట్టింది కూడా.

రాత్రంతా చల్లబడిన ఇంజన్‌ని తన చేతులతోనే లేపాలని కెప్టెనమ్మ పట్టు. అందుకే ఆమె వచ్చేదాకా ఎవరూ స్టార్ట్ చేయలేదు. ఆమె చేతి తొడుగులు వేసుకుని, సీట్లోకి జారి, తాళం తిప్పింది. ఇంజన్ మొదటి పిలుపుకే పలికింది. షెడ్డు రేకుల కింద కడుపు నిండిన పిల్లిలా మెత్తగా గుర్రుమంది. మేస్త్రి గుమ్మం పక్కన చేతులు కట్టుకుని, తల కాస్త వంచి విన్నాడు. ఆయన ముఖంలో వెలుగు కనిపించింది.

పిల్లమేస్త్రికి మాత్రం ఆ మెత్తదనం నచ్చలేదు. నిన్న సాయంత్రం తను లేత్ షాపుకి బయల్దేరేముందు ఇంజన్ సన్నగా టకటకమంటూ తిరిగింది. ఆ టకటక ఏమైంది? ఏదో అందామని అడుగు వేసేసరికి కారు వీధి మలుపు తిరిగిపోయింది.

తర్వాత ఎదురుచూపు. అత్తయ్య తన బల్ల దగ్గర, రెండు ఇనుప భాగాల మధ్య నూనె కారకుండా పెట్టే గ్యాస్కెట్ చేస్తోంది. ఆమె పద్ధతి ఆమెది. గీయదు, కొలవదు. మందపాటి కాగితాన్ని లోహపు ముఖం మీద పరిచి, గుండ్రటి సుత్తితో అంచు వెంట చిన్నచిన్న దెబ్బలు వేస్తుంది. కాగితం ఎక్కడ తెగాలో అక్కడ దానంతటదే తెగుతుంది. సుత్తి ఆపకుండానే ఆమె పచ్చకారు గురించి రోజూ అనేదే అంది. ఆ కారు అచ్చంగా అల్లుడుగారేనట. ఏడాదికోసారి వస్తాడు, వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి మార్చమంటాడు, అన్నీ మార్చాక కూడా మూతి ముడుచుకునే వెళతాడు.

మేస్త్రి ఆ మాట వినిపించుకునే స్థితిలో లేడు. పక్కనున్న పుస్తకాల బైండింగ్ కొట్టాయన్ని బయటికి పిలిచి, ఇందాక కారు వెళ్ళింది కదా, ఏమైనా వినిపించిందా అని అడిగాడు. ఆయన లేదన్నాడు. వినిపించదు, అదీ మా మేనకోడలి పనంటే, అని మేస్త్రి మీసం సవరించుకున్నాడు. ఆయన కట్టిన ఇంజన్ పక్కన నిలబడి రహస్యాలు చెప్పుకోవచ్చని వీధిలో పేరు. ఆ పేరు ఇప్పుడు మేనకోడలికి కూడా వచ్చినందుకు ఆయనకి కాలు నేల మీద ఆనడం లేదు.

ఆమె మాత్రం గోళ్ళలోని నలుపుని చూసుకుంటూ కూర్చుంది.

తిరిగొచ్చినప్పుడు ముందు వినిపించింది ఇంజన్ కాదు, తుమ్ము. ఆ వెనకే ఇంకోటి. వీధి కుక్క ఒకటి లేచి పక్కకి తప్పుకుంది. పచ్చకారు ఊపిరాడని మనిషిలా ఎగపోస్తూ వచ్చి, షెడ్డులోకి దొర్లి, గీత మధ్యలో ఆగిపోయింది.

కెప్టెనమ్మ దిగలేదు. సీట్లో కూర్చునే జరిగింది చెప్పింది. నీళ్ళ ట్యాంకు దాకా వెన్నలా వెళ్ళిందట. వేడి చూపించే ముల్లు దాని చోటుకి వచ్చేసరికి తుమ్మడం మొదలుపెట్టిందట. కొండ మొదట్లో ఎత్తు ఎక్కమంటే లాగలేదట. సైకిల్ మీద వెళుతున్న ముసలాయన ఒకాయన తనని దాటి వెళుతూ జాలిగా చూశాడట. ఆమె గొంతులో కోపం లేదు. పిల్లమేస్త్రికి అదే ఎక్కువ భయం వేసింది. లారీ ఇప్పటికే బయల్దేరిందనీ, అది వచ్చేలోగా చేయగలిగింది చెయ్యమనీ, ఆ తర్వాత తనని తప్పు పట్టొద్దనీ చెప్పింది.

మేస్త్రి గీత బయట నిలబడి కార్బురేటర్ మీద పడ్డాడు. పెట్రోలు చిమ్మే సన్నటి జెట్టులో చెత్త చేరి ఉంటుందన్నాడు, లేదా పెట్రోలు సరిగ్గా అందడం లేదన్నాడు. కొత్తగా కట్టిన ఇంజన్లకి ఇలాంటి తుమ్ములు మామూలే, చెత్త తీసేస్తే సరి, అందులో నీ తప్పేం లేదు అని ఆమెకి ధైర్యం చెప్పాడు.

ఆమె ఆలోచన వేరు. చల్లగా ఉన్నప్పుడు బాగుంది, వేడెక్కితే చెడింది. పెట్రోల్లో చెత్తకి చలీ వేడీ ఉండవు. ఆమె బోనెట్టు ఎత్తి, ఇంజన్ నెత్తినున్న మూత మరలు విప్పి తీసింది. వేడి ఆవిరి ముఖానికి కొట్టింది.

ఆ మూత కింద వాల్వులు వరసగా ఉంటాయి. ఒక్కొక్క వాల్వు కాడ మీదా దాన్ని నొక్కే ఇనుప వేలు ఒకటి ఉంటుంది. ఆ రెంటికీ మధ్య వెంట్రుకంత సందు వదలాలి. ఇనుము వేడికి సాగుతుంది కాబట్టి సందు చాలకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, ఇంజన్ బలం తలుపు సందులోంచి పోయే గాలిలా పోతుంది. సందు ఎక్కువైతే ఇంజన్ టకటకమంటుంది. ఆ సందుని కొలవడానికి రకరకాల మందాల పల్చటి ఇనుప రేకుల కట్ట ఉంటుంది. పిల్లమేస్త్రి తను పెట్టిన మందం రేకు తీసి మొదటి సందులో దూర్చింది. దూరలేదు.

ఇంకా పల్చటిది తీసింది. అది వెన్నలో కత్తిలా, కొద్దిగా పట్టు ఇస్తూ దిగింది. రెండో వాల్వు చూసింది. అదే పట్టు. మూడోది, నాలుగోది, చివరిదాకా అన్నీ అదే పట్టు.

వాల్వులు తమంతట తాము బిగుసుకుంటే ఒకటి ఎక్కువగా, ఒకటి తక్కువగా బిగుసుకుంటాయి. ఒట్టి వేలితో చూసుకుంటూ అన్నిటినీ ఇంత సమానంగా బిగించే చెయ్యి ఈ వీధిలో ఒక్కటే ఉంది.

ఆమె ఇంజన్ మీద వంగి, అలాగే ఉండిపోయింది. ఇప్పుడు నోరు విప్పకపోయినా గడిచిపోతుంది. సందులన్నీ మళ్ళీ తన కొలతకి తెచ్చేసి, అవును మామయ్యా, జెట్టులో చెత్తే అంటే ఎవరూ అడగరు. ఆ సాకు ఆయనే అందించాడు. నోరు విప్పితే మాత్రం సగం చెప్పి ఆపడం కుదరదు. సందు ఎందుకు పెంచిందో చెప్పాలి, అంటే లోపల ఏం మార్చిందో చెప్పాలి. అటు లారీ వస్తోంది. ఇటు తను మొదటిసారి కట్టిన ఇంజన్ మూతకింద ఒక అబద్ధం పెట్టి బిగించాలి. ఆ రెండోది ఆమెకి మింగుడు పడలేదు.

నడుం నిటారుగా చేసి ఆయనవైపు తిరిగింది.

“మామయ్యా, నిన్న నువ్వు గీత దాటావా?”

అత్తయ్య సుత్తి గాల్లో ఆగింది. మేస్త్రి భార్యవైపు చూశాడు, కెప్టెనమ్మవైపు చూశాడు. ఆయనకి అబద్ధం రాదు.

“దాటాను.”

ఎందుకో ఆయనే చెప్పాడు. నిన్న ఆమె వెళ్ళాక ఒక్కసారి విందామని స్టార్ట్ చేశాడట. టకటక విని గుండె జారిపోయిందట. అలసటలో పిల్ల వదులుగా వదిలేసింది, రేపు కెప్టెనమ్మ చెవిన పడితే మాట పడుతుంది అనుకున్నాడట. వేడి మీదే మూత తీసి, అన్నీ సరిచేసి, ఎవరూ చూడకముందే మూసేశాడట.

“నీ పరువు కాపాడదామనుకున్నానే,” అన్నాడు చివరికి.

“నా పరువా మామయ్యా, నీ పరువా?”

“రెండూ వేరా?” ఆయన గొంతు పెరిగింది. “అయినా కొలత తప్పు పెట్టానా? ఈ ఇంజన్‌కి ఆ కొలత నువ్వు పుట్టకముందునుంచీ పెడుతున్నా. రేకు కూడా అక్కర్లేదు నాకు, వేలికే తెలుస్తుంది.”

“కొలత తప్పు కాదు. కంపెనీ క్యామ్‌కి అదే కొలత. ఇప్పుడు లోపలున్నది ఆ క్యామ్ కాదు.”

వాల్వులు ఎప్పుడు తెరవాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో చెప్పేది క్యామ్. ఆ ఇరుసు మీది మిట్టల ఆకారం మారితే ఇంజన్ స్వభావమే మారిపోతుంది. ఆ సంగతి షెడ్డులో ఉన్న నలుగురిలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. అత్తయ్య సుత్తిని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టేసింది.

“నేనే అడిగాను మేస్త్రీ,” అంది కెప్టెనమ్మ. “కొండకి పాత క్యామ్ చాలదని నిన్నూ అడిగాను, మర్చిపోయావా? నా ప్రాణం ఉండగా కుదరదన్నావు.”

“ఇంకా ఉంది కదండీ,” అన్నాడు మేస్త్రి.

ఎవరూ నవ్వలేదు. ఆయన జేబులోంచి గుడ్డ తీసి, శుభ్రంగా ఉన్న చేతుల్నే తుడుచుకున్నాడు.

“నాకు మాటిచ్చావు.”

“ఇచ్చాను, తప్పాను. పరీక్ష అయ్యాక చెబుదామనుకున్నా.”

“నెగ్గితే చెబుతావు. ఓడిపోతే?”

ఆమె తల దించుకోలేదు. ఆ తల దించుకోకపోవడం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

మేస్త్రి గీతదాకా వచ్చి నిలబడ్డాడు. కంపెనీ ఇచ్చిన క్యామ్‌ని అరగదీయించావా అని అడిగాడు, ఆ మాట అంటుంటేనే ఆయనకి నొప్పి పుట్టినట్టుంది. లేదని ఆమె చెప్పింది. పాతసామాన్లలో పడి ఉన్న పగిలిన ఇంజన్లోంచి క్యామ్ తీసి, దాన్ని లేత్ బాబాయి చేత సానపట్టించింది. కంపెనీ క్యామ్‌కి నూనె రాసి, గుడ్డ చుట్టి, పెట్టెలో దాచింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ ఎక్కించుకోవచ్చు.

“హెడ్డు చెక్కలేదు, బ్లాకు కోయలేదు,” అంది. “వెనక్కి తీసుకోలేని పని ఒక్కటీ చెయ్యలేదు మామయ్యా.”

 ఆయన కొత్త క్యామ్‌తో వాల్వు ఇంకా లోతుకి దిగుతుంది కదా, పిస్టన్ నెత్తికి తగిలితే ఏమయ్యేదని అడిగాడు. పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తటి మైనం పిస్టన్ మీద పెట్టి, హెడ్డు బిగించి, చేత్తో తిప్పి, మళ్ళీ విప్పి ఆ నొక్కుడు మందం కొలిచానని చెప్పింది.

“ఒక్కదానికేనా?”

“అన్నిటికీ.”

“స్ప్రింగులు?”

“మార్చా. నొక్కినప్పుడు చుట్టకి చుట్ట ఆనకుండా చూశా.”

“కార్బురేటర్ సూదులు అవేనా? అవి వదిలే పెట్రోలు చాలదు.”

“చాలలేదు. సన్నం చేశా.”

“పైనా, మధ్యలోనా?”

“మధ్యలో. అక్కడే ఆకలెక్కువ దీనికి.”

 మేస్త్రి కాళ్ళు గీత బయటే ఉన్నాయి గానీ నడుం నుంచి పై మనిషంతా గీత లోపలికి వంగి ఉన్నాడు. అత్తయ్య ఇక ఉండబట్టలేక, తిడుతున్నారా, ఉద్యోగానికి అడుగుతున్నారా, ఏదో ఒకటి తేల్చండి, లారీ వచ్చేస్తుంది అంది.

ఆయన వినిపించుకోలేదు. ఆ ప్రశ్నలు కోపంతోనే మొదలయ్యాయి. ఎక్కడో మైనం దగ్గరో, స్ప్రింగుల దగ్గరో కోపం దారి తప్పింది. ఇప్పుడాయన అడుగుతున్నది తప్పు పట్టడానికి కాదు, తను అడగని ప్రశ్న ఏదైనా మిగిలిందా అని. ఏ తలుపు తట్టినా లోపలినుంచి జవాబు వస్తోంది. చిన్నప్పుడు మరలకీ బోల్టులకీ తేడా అడిగిన పిల్ల ఇదేనా అన్నట్టు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి ఇంకొక్కటి అడిగాడు.

“అయితే సందు ఎంత పెట్టాలి?”

కొలత ఇంకొకరిని అడగడం ఆయన ఎన్నడూ ఎరగడు. ఆమె చెప్పింది. ఆయన పెదవులతో ఒకసారి పలికి చూసుకుని, తల ఊపాడు.

సందులు పెట్టాలంటే ఇంజన్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ ఉండాలి. పచ్చకారుకి ముక్కు కింద పాతకాలపు తిప్పుడు హ్యాండిల్ ఉంది. దాని పిడి సుద్దగీతకి అవతల పడుతుంది. ఇంజన్ తేలిగ్గా తిరిగేలా ఆమె ప్లగ్గులు తీసి పక్కన పెట్టేసరికి మేస్త్రి వెళ్ళి, మోకాలి మీద కూర్చుని, ఆ పిడి పట్టుకున్నాడు.

“చెప్పు,” అన్నాడు.

“తిప్పు మామయ్యా. ఇంకొంచెం. ఆపు.”

ఇన్నేళ్ళుగా ఆ మాటలు ఆయన అనేవాడు, ఆమె తిప్పేది. ఆపమన్న చోట ఆయన ఆపాడు. తిప్పమన్నంత తిప్పాడు. తొందరపెట్టలేదు. ఒకచోట మాత్రం ఆమె రేకు రెండుసార్లు పెట్టి చూస్తే ఏం, పట్టు తేలిగ్గా ఉందా అన్నాడు. అవునంది. అయితే సందు మరని కదలకుండా పట్టే లాక్ నట్టు బిగించేటప్పుడు ఆ మర కాస్త వెనక్కి వస్తోంది, ముందే వెంట్రుకవాసి లెక్కలోకి తీసుకో అన్నాడు. ఆమె అలాగే చేసింది. సరిపోయింది.

వాళ్ళు చివరి వాల్వు దగ్గరుండగా లారీ వచ్చి గుమ్మానికి కాస్త పక్కగా ఆగింది. డ్రైవరు భారీ మనిషి. భుజాన తాళ్ళు వేసుకుని దిగి, షెడ్డులోకి తొంగిచూసి, మోకాలి మీదున్న ముసలి మేస్త్రినీ ఆయనకి హుకుంలిస్తున్న అమ్మాయినీ చూసి, ఏమనుకున్నాడో తాళ్ళు కింద పెట్టాడు. అత్తయ్య అతనికి టీ ఇచ్చి స్టూలు చూపించింది.

ప్లగ్గులు పెట్టి, మూత బిగించాక కెప్టెనమ్మ తాళం తిప్పింది. ఇంజన్ లేచింది. టక టక టక టక, పలక మీద గోళ్ళతో తాళం వేసినట్టు. మేస్త్రి ముఖం పన్ను పోటు తగిలినవాడిలా ముడుచుకుంది. అయినా కదల్లేదు. కారు రెండోసారి మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

లారీ డ్రైవరు టీ ఊదుకుంటూ తనకి తెలిసిన మాటొకటి అన్నాడు. ఆ బండికి వాల్వుల్ని నొక్కే ట్యాపెట్లు కొట్టుకుంటున్నాయనీ, బిగించినవాడెవడో పని రానివాడనీ.

“బిగించింది మా మేనకోడలు,” అన్నాడు మేస్త్రి. “అది అలాగే కొట్టుకోవాలి. లోపలున్న క్యామ్ వేరు. సందు తగ్గిస్తే వేడికి వాల్వు మూసుకోదు, నిన్న ఒక తెలివిగలవాడు తగ్గించి చూశాడులే. అది దాని గొంతు. తెలియకపోతే అడుగు, చెబుతా.”

డ్రైవరు తెలియదని ఒప్పుకున్నాడు. ఇక మేస్త్రి ఊరుకోలేదు. మైనం సంగతి చెప్పాడు, స్ప్రింగుల సంగతి చెప్పాడు, సూదులు ఎక్కడ సన్నం చేయాలో వేలు గాల్లో తిప్పి చూపించాడు. అవన్నీ పుట్టుకతో తనకి తెలిసినట్టే చెప్పాడు గానీ ప్రతి మాట చివరా ‘మా పిల్ల’ అని చేర్చాడు. పాత క్యామ్ దాచిపెట్టిన పెట్టె దాకా వచ్చేసరికి బైండింగ్ కొట్టాయన కూడా వచ్చి చేరాడు. పిల్లమేస్త్రి వెనక నిలబడి విన్నది. చెవులు వేడెక్కాయి. పానాలు తుడిచే పని లేకపోయినా తుడిచింది.

అంతలో కొండవైపునుంచి సన్నగా ఇంజన్ చప్పుడు వచ్చింది. మేస్త్రి మాట మధ్యలో ఆపి చెయ్యెత్తాడు.  చప్పుడు ఎత్తు ఎక్కుతోంది. ఒకచోట కాస్త తగ్గింది, గేరు మారింది, మళ్ళీ అందుకుంది. తుమ్ము లేదు. ఇందాక మెత్తగా గుర్రుమన్న గొంతు కాదది. అది నిండుగా, కాస్త గరుకుగా, ఒక్కొక్క వంపు దగ్గరా ఇంకా ఉంది నా దగ్గర అన్నట్టు పైకి పోయింది. మేస్త్రి కళ్ళు మూసుకుని విన్నాడు. చప్పుడు కొండ అవతలకి చేరి వినిపించకుండా పోయినా ఆయన కాసేపు కళ్ళు తెరవలేదు.

కెప్టెనమ్మ తిరిగొచ్చేసరికి ఆమె తెల్లజుట్టు నాలుగు దిక్కులా లేచి ఉంది. ఇంజన్ ఆపి, రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి, పిల్లమేస్త్రి కళ్ళలోకి చూసింది.

“బాగుంది,” అంది.

మేస్త్రి గుడ్డ తీసుకుని వంగి, సుద్దగీతని తనే తుడిచాడు. ఆకు బొమ్మ దగ్గరికి వచ్చేసరికి దాని చుట్టూ తుడిచి, దాన్ని వదిలేశాడు. లారీ డ్రైవరు తాళ్ళు మళ్ళీ భుజాన వేసుకుని, తన లారీ కూడా ఎత్తు ఎక్కనంటోందని, ఎప్పుడైనా తెస్తే చూస్తారా అని అడిగాడు. పిల్లమేస్త్రిని అడుగు, తీరిక ఉందో లేదో ఆవిడకే తెలియాలి అన్నాడు మేస్త్రి. ‘ఆవిడ’ అనేసరికి అత్తయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

లారీ ఖాళీగా వెళ్ళిపోయాక ఆయన మేనకోడలి పక్కకి వచ్చి, మాట తప్పిన సంగతి ఇంకా అయిపోలేదని మెల్లిగా అన్నాడు. గీత దాటిన సంగతి కూడా అయిపోలేదని ఆమె అంతే మెల్లిగా అంది. ఆదివారం వెళ్ళిపోయాక రెండూ కలిపి కూర్చుని తేల్చుకుందామని ఒప్పుకున్నారు.

కెప్టెనమ్మ కారు దిగింది. వెళ్ళడానికి కాదు. చుట్టూ తిరిగి వచ్చి, అవతలి తలుపు తీసి, పక్కసీట్లో కూర్చుంది. చేతి తొడుగులు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. ఆదివారం తను కూర్చునేది ఇక్కడేనని చెప్పింది. కొండ రెండో వంపులో దారి పక్కనున్న తెల్లరాయి తనకి రెండుగా కనిపించిందట. డాక్టరు ఎప్పుడో చెప్పాడట, తనే నమ్మలేదట.

“బండి నాకంటే ముందుంది ఇవాళ. దానితో సమానంగా పోవాలంటే ఇంకొకళ్ళు కావాలి,” అంది.

షెడ్డులో ఏ బండినైనా రోడ్డు మీద నడిపి చూసేది మేస్త్రే. ఆయన మామూలుగానే తాళం కోసం చెయ్యి చాచాడు. కెప్టెనమ్మ తాళం ఇవ్వలేదు.

“నువ్వొద్దు మేస్త్రీ. టకటక విన్నప్పుడల్లా యాక్సిలరేటర్ మీంచి నీ కాలు లేస్తుంది. కట్టినమ్మాయే నడుపుతుంది.”

ఆయన గట్టిగా నవ్వేశాడు. మేనకోడలి ఇంజన్ పని గురించి ఇక వంక పెట్టనన్నాడు. కానీ వీధి చివరిదాకా కూడా ఎన్నడూ బండి తోలి ఎరగదు, స్టీరింగు పట్టడమే రాదు, దాన్ని కొండ ఎక్కమంటే ఎలా అన్నాడు.

“వచ్చు మామయ్యా,” అంది పిల్లమేస్త్రి.

“ఎవరు నేర్పారు?”

 లారీ డ్రైవరు తాగి వదిలిన గ్లాసు తీసుకుని లోపలికి పోతున్న అత్తయ్య గుమ్మంలో ఆగింది. వెనక్కి తిరగకుండానే చెప్పింది.

“నేను.”

మేస్త్రి భార్య వీపుకేసి అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె స్టీరింగు ముట్టుకోగా ఆయన చూడలేదు. నీకు బండి నడపడం వచ్చా అని అడిగాడు. రాకుండానే నేర్పుతానా అంది ఆమె. మరి నీకెవరు నేర్పారన్నాడు.

అత్తయ్య ఇప్పుడు తిరిగింది. భర్తవైపు కాదు, కారులో కూర్చున్న కెప్టెనమ్మవైపు చూసింది. కెప్టెనమ్మ ఒళ్ళోని తొడుగుల్ని ఒకదానిమీద ఒకటి సర్దింది.

“అది చెప్పాలంటే మేస్త్రీ, ఈ కారు నెగ్గిన మొదటి పందెంలో హెల్మెట్ లోపల ఉన్నది ఎవరో కూడా చెప్పాలి. ముందు నువ్వు ఎక్కడైనా కూర్చో.”